పదో నంబరు మిషను

"నూట పదిహేను కిలోల మిషను. మంగళవారం సాయంత్రం అయిదూ నలభై ఆరుకి పికప్పులో వేసుకుని వెళ్ళావు. గేటు రిజిస్టరులో సంతకం నీది. కెమెరాలో మొహం నీది. ఇంకా ఏం దాస్తావయ్యా?" అంటూ మణికుమార్ చేతిలోని టాబ్లెట్‌ని బల్లమీద ఠక్కున పెట్టాడు. "నాలుగింటిదాకా టైమిస్తున్నాను. నాలుగు కొట్టిందా, కంప్లైంటు స్టేషన్లో ఉంటుంది. కేసు పడ్డాక నువ్వు దేశం దాటలేవు."

"తమరి నాలుగంటే ఏ నాలుగండీ?" అని గుమ్మంలోంచి ఒక గొంతు వినిపించింది. "ఆ గోడ గడియారం ఆరు నిమిషాలు ముందుంది. పెళ్ళికొడుకు జీవితం కదా, ముందు అది తేల్చుకుంటే బాగుంటుంది."

మణికుమార్ తల తిప్పి చూసి నిట్టూర్చాడు. వచ్చినవాడు పేరయ్య. నలభై తొమ్మిదేళ్ళు, వెలిసిపోయిన గళ్ళ చొక్కా, చేతికి బస్తాలు కుట్టే దారంతో కట్టుకున్న వాచీ. ఆరో తరగతిలో పేరయ్య బడిని వదిలేశాడో, బడే పేరయ్యని వదిలేసిందో రాజోలు తాలూకాలో ఇంకా తేలలేదు. బహ్రెయిన్ వచ్చి, సిత్రాలో పద్దెనిమిదేళ్ళు కూలీల క్యాంపులో టైంకీపరుగా చేశాడు. ఎవడు ఎన్నింటికి వచ్చాడు, ఎన్నింటికి వచ్చానని అబద్ధం చెప్పాడు అన్నది మొహం చూసి రాసేవాడు. డిగ్రీ ఉన్న ఒక కుర్రాణ్ణి తెచ్చి ఆయన కుర్చీలో కూర్చోబెట్టాక, కార్మికుల కేసులు చూసే ఒక వకీలు దగ్గర ఆరాలు తీసే పనికి కుదిరాడు. అప్పట్నుంచి టై కట్టిన మనిషిని చూస్తే ఆయనకి కడుపులో మంట. ఈరోజు ఆ మంటకి ఎదురుగానే కుర్చీ వేశారు.

"నువ్వా పేరయ్యా! ఇది ఓవర్‌టైం కేసు కాదు. ఇంటర్నేషనల్ ఫ్రాడ్" అన్నాడు మణికుమార్.

"అవునండి. అందుకే తమర్ని పిలిచారు. నన్ను మాత్రం మనిషి కోసం పంపారు" అని పేరయ్య, ఆ పెళ్ళికొడుకు పరమేశ్ పక్కన కుర్చీ లాక్కున్నాడు.

సంగతి ఇది. హిద్‌లోని ఈ షెడ్డు పేరు సంబూక్ పిన్‌బాల్. భీమవరం నుంచి వచ్చిన శ్రీనివాసరాజు పెట్టిన కంపెనీ. పిన్‌బాల్ అంటే నాలుగు కాళ్ళమీద ఏటవాలుగా నిలబడ్డ గాజు మూత బల్ల. లోపల స్టీలు గోళీ దొర్లుతుంటుంది, మీటలు నొక్కితే చిన్న రెక్కలు దాన్ని పైకి తంతాయి, దీపాలు వెలిగి అంకెలు పెరుగుతాయి. దీనికోసం ప్రాణమిచ్చేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. ముత్యాల కోసం సముద్రంలో మునిగే మనిషి బొమ్మ వేసి రాజు ఒక ఆట తయారుచేశాడు. నూట నలభైమంది ముందుగానే డబ్బు కట్టారు. తొమ్మిదిమందికి మిషన్లు అందాయి. పదోది తయారై షెడ్డులో ఉంది. మిగతా నూట ముప్పైమందికి ప్రతి నెలా క్షమాపణ ఉత్తరం అందింది. మిషన్లు ఆలస్యమయ్యాయి గాని ఆ ఉత్తరాలు ఒక్కసారీ ఆలస్యం కాలేదు.

ఆఖరికి కంపెనీ కూలింది. నిన్న బుధవారం ఉదయం పదింటికి కోర్టు మనిషి వచ్చి పదో నంబరు మిషను చూడాలి. ఏడున్నరకి రాజు షట్టరు తీస్తే దాని చోటు ఖాళీ. కస్టమర్ల సంఘం ప్రెసిడెంటు మార్టిన్ ఇరవై ఏళ్ళుగా బహ్రెయిన్‌లోనే ఉంటున్న దొర. ఆయన వెంటనే దొంగని పట్టడానికి మణికుమార్‌ని పెట్టాడు. రాజుకి బీపీ పెరిగింది. తగ్గించుకోడానికి జల్లాఖ్‌లో సముద్రం ఒడ్డున రిసార్టులో గది తీసుకున్నాడు. జీతం లేని పదకొండుమంది పనివాళ్ళకి మాత్రం బీపీ పెరగలేదు. జీతం వస్తుందేమోనని రోజూ డ్యూటీకొచ్చి కూర్చుంటున్నారు.

"చెప్పు తమ్ముడూ. ఆ పెట్టెలో ఏం తీసుకెళ్ళావు?" అన్నాడు పేరయ్య.

పరమేశ్‌ది జగిత్యాల వైపు. ముప్పై మూడేళ్ళు. ప్యాకింగ్ పని. షెడ్డు తాళాలు రెండయితే ఒకటి రాజు దగ్గర, ఇంకొకటి ఇతని దగ్గర. "చెక్కలన్నా. ఒట్టి చెక్కలు, ఫోము. పెండ్లికి కార్గో ఏస్తున్న గద, పెట్టె గావాలె. స్క్రాప్ అని రాసి తీస్కపోయిన. గంతే."

"కార్గో ఏదీ?"

"నిన్ననే పోయింది. కంబళ్ళు, మిక్సీ, అన్ని అండ్లనే ఉన్నయి."

"కన్వీనియంట్!" అన్నాడు మణికుమార్.

అప్పుడే పరమేశ్ ఫోను మోగింది. అతను కంగారులో ఏదో నొక్కేసరికి స్పీకరు ఆనయింది.

"బయల్దేరినవా లేదా?" అంది అవతల ఆడగొంతు. ఆ అమ్మాయి సరిత. వచ్చే బుధవారం ఆమెకీ పరమేశ్‌కీ పెళ్ళి. "రెండుసార్లు ముహూర్తం తప్పిచ్చినవ్. మిషన్ అయిపోలే, మిషన్ అయిపోలే అన్నవ్. నేను గూడ బుకింగ్ చేస్కున్న కస్టమర్‌నే గద! నాకు డెలివరీ ఎప్పుడు?"

"వస్తున్న సరితా. రాత్రి తొమ్మిది నలభైకి ఫ్లైటు."

"ఈసారి రాకపోతె మా బాపు వేరే సంబంధం చూస్తడంట. దుబాయిలనే ఉండిపో ఇగ."

"ఇది దుబాయి కాదమ్మా, బహ్రెయిన్" అని పేరయ్య వినయంగా అందించాడు.

"ఏదైతేంది! మనిషైతే రాలే గద!" అని ఆమె ఫోను పెట్టేసింది.

మణికుమార్ టై ముడి కొంచెం వదులు చేసుకున్నాడు. నూట ముప్పైమంది కస్టమర్లలో ఇంత సూటిగా అడిగినవాళ్ళు అతనికీ తగల్లేదు.

"ఆ చెక్కలు ఎట్లాంటివి?" పేరయ్య మళ్ళీ మొదలెట్టాడు.

"మంచియే అన్నా. ఒక దిక్కు బొమ్మ అంటిచ్చి ఉండె. ముత్యాలాయన బొమ్మ. సరితకు అల్మారా చేపిద్దమని..."

"ఎవరిచ్చారు?"

"సత్యదుర్గక్క. పాత చెక్కలే తమ్ముడూ, తీస్కపో అన్నది."

పేరయ్య వాచీ చూసుకున్నాడు. ఒంటిగంటా పది. "మణికుమార్ గారూ, ఆ గేటు వీడియో ఒక్కసారి చూపిస్తారా? నాకు చదువు తక్కువ, బొమ్మలు చూసుకుంటాను."

టాబ్లెట్‌లో పికప్పు కదిలింది. అయిదూ నలభై ఆరు. పరమేశ్ దిగి సంతకం పెట్టాడు, మళ్ళీ ఎక్కాడు. గేటు దాటగానే రోడ్డుమీద స్పీడు బ్రేకరు. బండి ఎగిరింది. వెనకనున్న పెట్టె కూడా ఎగిరింది.

"ఆపండి. ఎంత ఎగిరింది?"

"ఏంటి?"

"పెట్టెండీ. జానెడు ఎగిరింది. తమరు చెప్పే నూట పదిహేను కిలోల ఇనుము, గాజు, మోటార్లు లోపలుంటే అది జానెడు ఎగురుతుందా? ఎగిరితే గాజు మిగులుతుందా? పైగా ఆ పెట్టెని ఇతనొక్కడే ఎక్కించాడు. చూడండి, పక్కన నరపురుగు కూడా లేదు."

మణికుమార్ వీడియో మూడుసార్లు తిప్పి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఇది ప్రూఫ్ కాదు, ఊహ. మిషను షెడ్డులో లేదు. వేరే దారి లేదు. ఆ రాత్రి తొమ్మిదింటికి రాజుగారి బండి తప్ప గేటులోకి ఇంకే బండీ రాలేదు. అది ఉత్తిగానే వచ్చి ఉత్తిగానే పోయింది."

"రాత్రి తొమ్మిదింటికి ఉత్తి బండితో రాజుగారికేం పనండీ?"

"ఆయన కంపెనీ. ఆయనిష్టం."

"అదీ నిజమే. పెద్దవాళ్ళ ఉత్తి బండ్లని అడిగేవాడు ఉండడు. మన పెట్టెలనే తూకం వేస్తారు" అంటూ పేరయ్య లేచాడు. "ఒకసారి షెడ్డు చూద్దాం. యల్లా, పదండి."

షెడ్డు మధ్యలో మిషను నిలబడ్డ చోట నాలుగు కాళ్ళ ముద్రలు దుమ్ములో స్పష్టంగా ఉన్నాయి. కొంచెం అవతల గోడవారగా పెట్టెలు వరసగా నిలబడి ఉన్నాయి. అన్నిటికీ ముత్యాలాయన బొమ్మే, అన్నిటికీ నాలుగేసి కాళ్ళు, మీద నల్లగాజు. లోపల మాత్రం ఏమీ లేదు. కస్టమర్లకి పంపే వీడియోలో 'మీ మిషన్లు వరసలో ఉన్నాయి' అని చూపించడానికి చేసిన డొల్ల పెట్టెలు అవి.

"ముప్పై ఒకటి" అన్నాడు మణికుమార్. "పోయిన నెల కంపెనీ లిస్టులోనూ ముప్పై ఒకటే. నిన్నా లెక్కపెట్టాను. టాలీ అయింది."

"తెరిచి చూశారా?"

"తాళాలు రాజుగారి దగ్గరున్నాయి. ఖాళీ పెట్టెల్ని తెరిచేదేంటి? నంబరు సరిపోయింది కదా."

పేరయ్యకి నవ్వొచ్చింది గాని మింగేశాడు. క్యాంపులో నలభైమంది హాజరు సరిగ్గా నలభై వచ్చిన రోజే ఆయన లేచి బస్సెక్కి చూసేవాడు. ఒకడి బదులు ఇంకొకడు కూర్చుని ఉండేవాడు. పరమేశ్ తీసుకెళ్ళినవి బొమ్మ అంటించిన చెక్కలు. అంటే ఒక డొల్ల పెట్టె విప్పేసినట్టే. ముప్పై ఒకటిలో ఒకటి పోతే ముప్పై ఉండాలి. ఇంకా ముప్పై ఒకటి ఉన్నాయంటే, వాటిలో ఒకటి డొల్ల కాదు.

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని వరస వెంట నడిచాడు. పంతొమ్మిదో పెట్టె దగ్గర వంగాడు. స్పీకరు కోసం అడుగున వేసిన కన్నాల కింద, సిమెంటు నేలమీద పావలాకాసంత ఎర్ర మరక.

"తుప్పు నీళ్ళు" అన్నాడు మణికుమార్ వెనకనుంచి. "లేదా పెయింటు. నోట్ చేశాను."

పేరయ్య వేలితో తాకాడు. ఇంకా తడి ఆరలేదు. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నిమ్మకాయ, కుంకుమ. ఏసీ ఆపేసిన ఈ కొలిమిలో ఇది పొద్దుటి తడే అయ్యుండాలి. మిషను పోయింది మంగళవారం. ఈరోజు గురువారం.

"తుప్పేనండి" అని పేరయ్య వేలు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "తమరు చదువుకున్నవారు. తమకి తెలియనిదేముంది. నేను ఒక టీ తాగి వస్తాను."

షెడ్డు చివర టీ కాచే మూల సత్యదుర్గ ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళు, వైర్లు అతికే చెయ్యి. ఆమె కట్టిన వైర్ల జడ చూస్తే నరసాపురం లేసు అల్లిక గుర్తొస్తుంది, అక్కడిదే ఆమె.

"పంచదారెంతండీ?" అంది.

"చాలమ్మా. నిమ్మకాయ రెండో చెక్క ఏం చేశావు?"

ఆమె చేతిలో గరిటె ఆగింది. తర్వాత మామూలుగానే కలుపుతూ, "పప్పులో పిండేశానండి" అంది.

"రోజూ పెడతావా?"

"పని పూర్తయిన మిషనుకి రోజూ పెట్టాలండి. లేపోతే చెయ్యాడదు. అంతమంది కళ్ళు పడే వస్తువండి అది. ఎండిపోయిన నిమ్మకాయ మీద వదిలేత్తే దిష్టి మనకే తగుల్తాది. వైర్ల పనికని దాని తలుపు రెండో తాళంచెవి నాకాడే ఉంటాదండి."

"దాచిపెట్టిన వస్తువుకి కూడానా?"

"దాచిపెట్టినదానికే ఎక్కువ పెట్టాలండి" అంది, చాలా మామూలు సంగతి చెబుతున్నట్టు.

పేరయ్య టీ గ్లాసు అందుకున్నాడు. "మంగళవారం ఏం విన్నావు?"

"అయిదుంపావుకి రాజుగారు ఫోన్లో ఇంగ్లీసులో మాటాడతన్నారండి. నాకు ఇంగ్లీసు రాదు గాని ట్రక్కు, నైటు, పరమేశ్ టికెట్టు, ఈ మూడూ తెలుసు. ఆళ్ళే పట్టుకుపోయి ఈడి మీద తోసేత్తారని అర్థమైపోయింది. ఈడు ఎలాగూ గురువారం పోతాడు కదండీ, పారిపోయాడంటే ఎవడైనా నమ్ముతాడు. డ్రిల్లు పెట్టి ఒక డొల్ల పెట్టె విప్పేశాను. చెక్కలు ఈడికే ఇచ్చాను. ఈడు పోయాక ఆ డొల్లదాని నల్లగాజు మిషనుకి తొడిగి, ట్రాలీ మీద తెచ్చి ఆ సందులో నిలబెట్టేశాను. ఆరున్నరైంది."

"రాజు తొమ్మిదింటికి బండి తెచ్చి చూస్తే..."

"దొంగ సొమ్ము దొంగకి దొరకలేదండి!" ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మరుక్షణం ఆ నవ్వు పోయింది. "ఆ చెక్కలే ఈడి పీకకి చుట్టుకుంటాయని అనుకోలేదండి. చెబ్దామంటే, కాయితాల్లో నేను రాజుగారింట్లో పనిమనిషిని. ఆయనే నా కఫీలు, వీసా ఆయన పేరు మీదేనండి. ఫ్యాక్టరీలో పని చేత్తన్నానని తెలిత్తే ముందు నన్నే విమానం ఎక్కిత్తారు. ఊళ్ళో పిల్ల నర్సింగు ఆఖరి ఏడాదండి."

పేరయ్య టీ అంతా తాగాడు. పరమేశ్ బయటపడాలంటే మిషను కనబడాలి. మిషను కనిపెట్టింది పేరయ్య అయితే, ఎలా కనిపెట్టావని అడుగుతారు. నిమ్మకాయ బయటికొస్తుంది, దాని వెనకే ఈ మనిషీ వస్తుంది. అడగకుండా నమ్మేది ఎవర్ని? టై కట్టినవాణ్ణి.

పద్దెనిమిదేళ్ళలో పేరయ్యకి ఇంత చేదు మాత్ర ఎప్పుడూ తగల్లేదు. మింగాడు.

మూడూ అయిదుకి ఆయన షెడ్డు మధ్యకొచ్చి గొంతు పెంచాడు. "మణికుమార్ గారూ! ఈ డొల్ల పెట్టె ఒక్కోటి ఎంత బరువుంటుంది?"

"ముప్పై అయిదు కిలోలు. నా రిపోర్టులో ఉంది."

"రిపోర్టులో ఉంటుందండి. తమలాంటి ఏసీ మనుషులు ఒక్కదాన్నయినా ఎత్తగలరా అని?"

పనివాళ్ళు కిసుక్కున నవ్వారు. మణికుమార్ కోటు విప్పి కుర్చీమీద పడేశాడు. "జిమ్‌లో డెబ్భై ఎత్తుతాను. ఏది ఎత్తాలో చెప్పు."

"ఏదైనా ఒకటే కదండీ. ఇదిగో, దీన్నే."

పంతొమ్మిదోది. మణికుమార్ మోకాళ్ళు వంచి రెండు చేతులా పట్టుకున్నాడు. లాగాడు. మొహం కందిపోయింది. పెట్టె కదల్లేదు. పక్కదాన్ని పట్టుకున్నాడు, తేలిగ్గా లేచింది. మళ్ళీ పంతొమ్మిదికి వచ్చాడు. అతని మొహంలో దీపం వెలగడం షెడ్డంతా చూసింది.

"స్క్రూడ్రైవర్!" అని అరిచాడు. "ఎవరూ ముట్టుకోవద్దు! నేను కనిపెట్టాను!"

"అబ్బ! ఏం బుర్రండీ!" అన్నాడు పేరయ్య.

మణికుమార్ ముందు తలుపు తాళం ఊడదీశాడు. తలుపు తెరుచుకోగానే పేరయ్య పక్కనుంచి చెయ్యి దూర్చి ఎర్ర నిమ్మచెక్కని అరచేతిలోకి తీసుకున్నాడు, నేలమీది మరకని చెప్పుతో రుద్దేశాడు. ఎవరూ చూడలేదు, ఒక్క సత్యదుర్గ తప్ప.

మణికుమార్ అప్పటికే ఫోన్లో ఉన్నాడు. "మార్టిన్ సర్, ఐ ఫౌండ్ ఇట్! ఎస్ సర్. ఇక్కడే. అరగంటలోనా? వెల్‌కం సర్." ఫోను పెట్టి, టైపు చేసిపెట్టుకున్న కంప్లైంటుని నాలుగు ముక్కలు చేసి పరమేశ్ చేతిలో పెట్టాడు. "వెళ్ళు. పెళ్ళి చేసుకో." ఆ మాట చాలా దర్జాగా అన్నాడు, అమ్మాయిని కూడా తనే చూసిపెట్టినట్టు.

పరమేశ్ ఆ ముక్కల్ని మడిచి పాస్‌పోర్టులో పెట్టుకున్నాడు. "అన్నా, మీ కాల్మొక్త" అన్నాడు, ఎవర్ని చూసి అన్నాడో అతనికే తెలియలేదు.

"పోయే ముందు ఒకసారి వెలిగించి చూద్దాం. పనిచేస్తుందో లేదో తెలియాలి కదా" అన్నాడు పేరయ్య.

ప్లగ్గు పెట్టారు. సముద్రం హోరు వినిపించింది, దీపాలు అలల్లా పాకాయి. పదకొండుమంది పనివాళ్ళూ 'ఓ' అన్నారు. వాళ్ళ చేతులతో చేసిన వస్తువు ప్రాణంతో వెలగడం చూసి ఎన్నాళ్ళయిందో. తెరమీద ఎక్కువ పాయింట్లు కొట్టినవాళ్ళ పేర్లు మెల్లగా పైకి జరిగాయి. పక్కనే తేదీ, టైము.

"ఆగండి" అన్నాడు మణికుమార్, గొంతు మారిపోయింది. టాబ్లెట్ తీశాడు. "ఈ పేర్లు... మిషన్లు అందాయని రాసిన తొమ్మిదిమంది కస్టమర్లు వీళ్ళే. వీళ్ళ వీడియోలు చూసే మిగతావాళ్ళు నమ్మారు. గ్లాస్గో ఆయన, మార్చి పన్నెండు, ఉదయం పదీ పదిహేను. మెల్‌బోర్న్ ఆయన..."

"అదే రోజు పదీ నలభై" అని పేరయ్య చదివాడు. టైములు చదవడానికి ఆరో తరగతి చాలు. "ఇరవై అయిదు నిమిషాల్లో గ్లాస్గో నుంచి మెల్‌బోర్న్. మంచి విమానమే ఎక్కాడు. తొమ్మిదిమందీ ఒకే రోజు, పదింపావు నుంచి ఒంటిగంటన్నర లోపల, ఈ ఒక్క మిషను మీదే ఆడారు. మణికుమార్ గారూ, తొమ్మిది మిషన్లు వెళ్ళలేదు. తొమ్మిదిమంది లేరు. తయారైంది ఇదొక్కటే. పదో నంబరు కాదు, ఒకటో నంబరు."

"మరి ఆడిందెవరు?"

తెరమీద ఆఖరుగా మొదటి స్థానం వచ్చింది. అందరికంటే ఎక్కువ పాయింట్లు. ఒంటిగంటా నలభై అయిదు. దొంగపేర్లతో తొమ్మిది ఆటలు ఆడినవాడు, జన్మలో కొట్టని స్కోరు కొట్టేసరికి ఆగలేకపోయాడు. దానికి మాత్రం సొంతపేరు పెట్టుకున్నాడు.

మార్టిన్.

మణికుమార్ కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు. "నా క్లయింటు. కోర్టు మనిషి ఈ తెర చూడకూడదనే రాజుగారితో కలిసి... కానీ పగలగొట్టేయొచ్చు కదా?"

"ప్రపంచంలో ఒక్కటే ఉన్న మిషనుని ఆ పిచ్చోడు పగలగొడతాడా! ఇంట్లో పెట్టుకుని ఆడుకుంటాడు."

"నేనే ఫోన్ చేసి రమ్మన్నాను" అన్నాడు మణికుమార్. అతని టై పూర్తిగా పక్కకి తిరిగిపోయింది. "పేరయ్యగారూ, ఇప్పుడేం చేద్దాం?"

'గారు' విని పేరయ్య ఒక్క క్షణం ఆ రుచి చూశాడు. అనుకున్నంత బాగా ఏం లేదు.

"ముందు ఆ తెర ఫొటో తీసి కోర్టు మనిషికి పంపండి. మిషను స్వాధీనం చేసుకున్నట్టు ఆయన సంతకం చేసిన కాగితం వచ్చేదాకా ఈ మిషను దొరకలేదు, అంతే."

మణికుమార్ ఫొటో తీసి పంపాడో లేదో, గేటు దగ్గర హారన్ మోగింది. మూడూ నలభై ఒకటి. షట్టరు కింద సందులోంచి పెద్ద ట్రక్కు చక్రాలు, దానిలోంచి దిగిన మూడు జతల బూట్లు కనబడ్డాయి.

"ప్లగ్గు తియ్యండి. సందు మార్చండి. ఇరవై ఆరో దాని పక్కకి. మిగతావి జరపండి. వెతుక్కోనీ!"

పదకొండుమందీ కదిలారు. పరమేశ్ చొక్కా చేతులు మడిచాడు.

"నువ్వు పోవయ్యా, వెనక తలుపుంది!" అన్నాడు పేరయ్య.

"తొమ్మిది నలభై గద అన్నా. ఇంక చాన టైమున్నది" అని పరమేశ్ ఒక మూల పట్టుకున్నాడు. రెండో మూల మణికుమార్ పట్టుకున్నాడు. ఈసారి మిషను కదిలింది. సత్యదుర్గ ట్రాలీ తోసింది.

మిషను సందులో సర్దుకునేసరికి పరమేశ్ జేబులో ఫోను గుర్రుమంది. అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "డెలివరీ బయల్దేరింది సరితా, రేపు పొద్దుగాల" అని గుసగుసలాడి కట్ చేశాడు.

షట్టరు మీద దబదబ బాదారు.

"మణీ! వేర్ ఈజ్ మై మెషీన్?"

మణికుమార్ చెమటలు కారుతున్న మొహంతో పేరయ్యని చూశాడు. "నా మిషను అంటున్నాడు" అన్నాడు మెల్లగా. "కస్టమర్లది అనట్లేదు. నాది అంటున్నాడు."

పేరయ్య జేబులో నిమ్మచెక్కని బొటనవేలితో ఒకసారి నొక్కాడు. వాచీ చూసుకున్నాడు.

"రాసుకోండి" అన్నాడు. "మూడూ నలభై నాలుగు."